ఇంటి ప్రార్థన ఎక్కడ తడబడుతోంది? లక్షణం, కారణం, పరిష్కారం

కథోలిక ఇళ్ళలో కుటుంబ ప్రార్థన అసలు మొదలుపెట్టనివారికంటే, మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవారే ఎక్కువగా కనిపిస్తారు. పాస్కా (ఈస్టరు) పండుగకు ముందు వచ్చే తపస్సు కాలం మొదట్లో అందరూ కూర్చుంటారు. పాస్కా పండుగ నాటికి ఇద్దరు మిగులుతారు. ఆ తరవాత ఎవరి దారి వారిది. నెపం పిల్లల మీదికో, ఫోను మీదికో, పాడు కాలం మీదికో పోతుంది. నా నమ్మకం వేరు. లక్షణం పిల్లల్లో బయటపడినా, కారణం చాలాసార్లు పెద్దలు ప్రార్థనను నడిపే తీరులో ఉంటుంది. తీరు మార్చుకోవడం మన చేతిలో పనే కాబట్టి ఈ సమస్యల్లో చాలావాటికి ఇంట్లోనే పరిష్కారం ఉంది.

ప్రపంచ కథోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమావేశమైన రెండో వాటికన్ మహాసభ 1964లో శ్రీసభను, అంటే కథోలిక సంఘాన్ని గురించి వెలువరించిన పత్రంలో కుటుంబాన్ని గృహ శ్రీసభగా చెప్పింది. పిల్లలకు మాటతో, నడతతో విశ్వాసాన్ని తొలుత అందించవలసింది తల్లిదండ్రులేనంది. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 774వ సూత్రంలో ఈ బాధ్యతను అందరికంటే ముందు వారి మీదే పెట్టింది. గురువులూ మఠకన్యలూ ఉపదేశకులూ మనకు తోడు నిలిచేవారు.

వారం తిరగకుండానే ఆగిపోతోంది

కారణం: మోయలేనంత తలకెత్తుకున్నాం. మొదటి రోజే జపమాలలో ఐదు దేవరహస్యాలు (క్రీస్తు, మరియమాతల జీవిత ఘట్టాలను తలచుకుంటూ చెప్పే జపాలు), ఒక కీర్తన, బైబిలులో ఒక అధ్యాయం, ఊరందరి కోసం విన్నపాలు, చివర పాట. ఉత్సాహం ఉన్న రోజు అరగంట గడిచినట్టే తెలియదు. ఒకరికి జ్వరం తగిలిన రోజు, ఇంకొకరు ఆలస్యంగా ఇల్లు చేరిన రోజు అంత చేయలేం. అంత చేయలేం కాబట్టి అసలే మానేస్తాం. వరసగా రెండు రోజులు తప్పాక మళ్ళీ అందరినీ పిలవడానికి మొహమాటం అడ్డొస్తుంది.

పరిష్కారం: బాగా అలసిన రోజున కూడా చేయగలిగినంతే నియమంగా పెట్టుకోండి. సిలువ గుర్తు, ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం. అంటే జపమాలలో ఒకే ఒక దేవరహస్యం. నాలుగైదు నిమిషాలకు మించదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చెప్పుకుంటే వారానికి ఐదూ పూర్తవుతాయి. ఒక వారం సంతోష దేవరహస్యాలు, మరో వారం వెలుగు, ఆపైన దుఃఖ, మహిమ దేవరహస్యాలు తీసుకుంటే నాలుగు వారాల్లో క్రీస్తు జీవితమంతా ఇంట్లో ఒకసారి తలచుకున్నట్టవుతుంది. రెండో జాన్ పాల్ పోపుగారు 2002లో చేర్చిన వెలుగు దేవరహస్యాల్లో కానా ఊరి పెండ్లి ఉంది. చిన్నపిల్లలు ఇట్టే అందుకునే ఘట్టం అది, దాన్ని కథగా చెప్పి మరీ ప్రార్థించండి. వారంలో ఏ రోజున ఏ దేవరహస్యాలు చెప్పాలో జపమాలకు వేరే క్రమం ఉంది, అది తెలిసిందే. ఇంట్లో ఇలా పంచుకుని చెప్పుకోవడానికి అడ్డేమీ లేదు.

వేళను గడియారానికి కాకుండా ఒక పనికి ముడిపెట్టండి. రాత్రి భోజనం ముగిసి, ఎవరూ లేవకముందు అని పెట్టుకుంటే భోజనం ఆలస్యమైనా ప్రార్థన తప్పదు. 'నాన్న రాలేదు కాబట్టి ఈరోజు లేదు' అనే మాట ఇంట్లో వినబడకూడదు. ఇద్దరు ముగ్గురు తన పేరిట కూడిన చోట తానుంటానని ప్రభువు మాట ఇచ్చారు, ఉన్నవారితోనే చెప్పుకోండి. తప్పిన రోజులకు బాకీ తీర్చే ప్రయత్నం మాత్రం చేయవద్దు. నిన్నటిది పోయింది, ఈరోజుది చెప్పుకుంటే చాలు.

పిల్లలు కుదురుగా ఉండరు, నవ్వుతారు, కునుకు తీస్తారు

ఈ మాటలు ఎన్ని ఇళ్ళలో వినబడతాయో చూడండి. "పరలోకమందున్న మా యొక్క తండ్రీ... కాళ్ళు ఆడించకు... మీ నామము... చెల్లిని గిల్లొద్దన్నానా... పూజింపబడును గాక." ఆ ఐదు నిమిషాల్లో పసివాడి చెవిన పడింది గదమాయింపు. దేవుడంటే తనను చూసి విసుక్కునే పెద్దమనిషి అని వాడు అనుకుంటే, ఆ మాట వాడికి మనమే నేర్పినట్టు.

కారణం ఇక్కడ రెండు రకాలు. ఒకటి, వయసుకు మించి ఆశించడం. శ్రీసభ ధర్మశాస్త్రం ఏడేళ్ళు నిండిన బిడ్డకే వివేకం వచ్చినట్టు భావిస్తుంది. పదవ పయస్ పోపుగారు 1910లో తొలి సత్ప్రసాదానికి (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పానికి) తగిన వయసు చెప్పినప్పుడూ ఇంచుమించు ఏడేళ్ళనే అన్నారు. మూడేళ్ళ బిడ్డ పక్కన ఉంటే చాలు, ధ్యానం చేయనక్కర లేదు. రెండోది, పిల్లలకు చేతిలో పనేమీ లేకపోవడం. పెద్దలు చెబుతుంటే వినడం తప్ప వారికి వేరే పాత్ర ఉండదు.

కాబట్టి పని అప్పగించండి. అందరికంటే చిన్నవాడు సిలువను పట్టుకుని తెచ్చి మధ్యలో పెట్టాలి, చివర కొవ్వొత్తి ఆర్పాలి. కొంచెం పెద్దది ఈరోజు ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పాలి. చదవడం వచ్చినవాడు సువార్తలో నాలుగు వాక్యాలు చదవాలి. ఆ పిల్ల బొమ్మ కోసమో, కాలు విరిగిన పిల్లి కోసమో ప్రార్థించమంటే పెద్దలు నవ్వకూడదు. అది ఆమె మనసులో ఉన్న నిజమైన విన్నపం. ప్రార్థన జరుగుతున్నంతసేపూ దిద్దుబాటు మాట ఒక్కటీ వద్దు. చెప్పాల్సినది ఉంటే మర్నాడు, విడిగా, మెల్లగా చెప్పండి.

కునుకు సంగతికి వస్తే, ఫ్రాన్సు దేశపు మఠకన్య పునీత చిన్న తెరేజమ్మ మఠంలో ప్రార్థన వేళ నిద్రలోకి జారుకునేది. పిల్లలు మేలుకుని ఉన్నా నిద్రపోతున్నా తల్లిదండ్రులకు ముద్దే కదా అని ఊరట చెప్పుకుంది. 1997లో ఆమెను శ్రీసభ పండితురాలిగా, అంటే శ్రీసభకంతటికీ బోధకురాలిగా ప్రకటించారు. ఒడిలో నిద్రపోయిన బిడ్డను అలాగే ఉండనివ్వండి.

జపాలన్నీ నోటికి వచ్చు, మనసుకు మాత్రం తాకడం లేదు

జపాలను తప్పుపట్టవద్దు. నోటికి వచ్చిన జపం ఆపదలో మాటలు రాని వేళ ఆదుకుంటుంది. లోటల్లా, ఆ జపానికీ ఆ రోజు జీవితానికీ మధ్య దారి వేయకపోవడమే. బడిలో జరిగిన అవమానం, ఉద్యోగంలో బెంగ, అమ్మమ్మ ఆరోగ్యం, ఇవేవీ ప్రార్థనలోకి రావు. అందుకే అది వేరే లోకపు పనిలా మిగిలిపోతుంది.

పునీత లొయోలా ఇగ్నేషియస్ (1491–1556) నేర్పిన దినాంత పరిశీలనను ఇంటికి సరిపడేలా తగ్గించుకోవచ్చు. దేనికి కృతజ్ఞత, దేనికి విచారం, రేపటికి ఏమి కావాలి. ఈ మూడింటికి తలా ఒక్క వాక్యం. పెద్దలు ముందు చెప్పాలి, నిజం చెప్పాలి. "ఈరోజు నీ మీద అనవసరంగా కేకలేశాను, ప్రభువా క్షమించు, నువ్వూ క్షమించు నాన్నా" అని తండ్రి నోట విన్న పిల్లకు పశ్చాత్తాపం గురించి వేరే పాఠం అక్కర లేదు. పిల్లలు చెప్పిన మాటను పట్టుకుని తరవాత దండించకూడదు. ఒక్కసారి అలా చేస్తే మళ్ళీ నోరు విప్పరు. చెప్పడానికి ఇష్టపడనివారు మౌనంగా ఉండవచ్చు.

ఇంట్లో చావో, జబ్బో, నష్టమో వచ్చినప్పుడు ఈ మూడు వాక్యాలు కూడా పలకవు. అప్పుడు 13వ కీర్తన, 22వ కీర్తన చదవండి. 22వ కీర్తనలో 'నన్నెందుకు విడిచావు' అని దేవుణ్ణి నిలదీసే మాటలను సిలువపై క్రీస్తే పలికారు. ఏడుపు విశ్వాసానికి విరుద్ధం కాదని పిల్లలకు తెలియాలి.

ఆదివారం పూజ అంటే ఇంట్లో యుద్ధం

మూలం తరచూ శనివారం రాత్రిలో ఉంటుంది. ఆలస్యంగా పడుకోవడం, పొద్దున బట్టల వెతుకులాట, దారి పొడుగునా చిరాకు. బట్టలు రాత్రే తీసిపెట్టుకుంటే సగం గొడవ తగ్గుతుంది. సత్ప్రసాదానికి ముందు గంట సేపు ఉపవాసం కాబట్టి ఫలహారం వేళ కూడా ముందే చూసుకోండి.

రెండో సగం, దేవాలయంలో పూజలో ఏమి చదువుతారో తెలియకపోవడం. శనివారం రాత్రి ప్రార్థనగా మర్నాటి సువార్తను చదవండి. ఆదివార పఠనాలు మూడేళ్ళ చక్రంలో తిరుగుతాయి. ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. ముందు రాత్రి విన్న కథ పూజలో గురువు నోట మళ్ళీ వినబడగానే పిల్లలు తలెత్తి చూస్తారు. కూర్చునే చోటు కూడా ముఖ్యమే. వెనక వరసలో వారికి కనబడేవి పెద్దల వీపులు, ముందు వరసలో పీఠం కనబడుతుంది.

సత్యోపదేశం తరగతికి పంపుతున్నాం కదా

వారానికి ఒక గంట పాఠం ఏడు రోజుల ఇంటి వాతావరణానికి బదులు కాలేదు. తరగతి నుంచి వచ్చాక 'పరీక్షలో ఎన్ని వచ్చాయి' అని అడగడం మాని, 'ఏ కథ చెప్పారు, నాకూ చెప్పు' అనండి. చెప్పేటప్పుడు అది వారి సొంతమవుతుంది.

ఒక్కరే లాగుతున్నారు, రెండోవారు గదిలోంచి రారు

విశ్వాసం లేకపోవడమే కారణమని తేల్చకండి. జపాలు సరిగా రావన్న సిగ్గు, చిన్నప్పుడు తిన్న దెబ్బలు, భార్యో భర్తో ప్రతిసారీ తప్పులు దిద్దడం, వీటిలో ఏదైనా కావచ్చు. రెండోవారు వేరే మతం వారైతే వారి మనస్సాక్షిని గౌరవించడం మొదటి కర్తవ్యం. పిల్లలను రాయబారానికి పంపడం, 'నాన్న రాకపోతే దేవుడికి కోపం వస్తుందని చెప్పు' అనడం చాలా చెడ్డ పని. ఆ బిడ్డ మీద ఎంత బరువు పడుతుందో ఆలోచించండి.

అడగదలిస్తే చిన్న పని అడగండి. పడుకునే ముందు పిల్లల నుదుట సిలువ గుర్తు వేసి దీవించడం. జ్ఞానస్నానం నాడు గురువు నుదుట సిలువ గుర్తు వేసి, తల్లిదండ్రులనూ వేయమంటారు. అదే పని రోజూ రాత్రి. దానికి జపాలు వచ్చి ఉండాల్సిన పని లేదు, ఐదు క్షణాలు పడుతుంది. గదిలోంచి రాని తండ్రి కూడా దీనికి ఒప్పుకోవచ్చు. మిగతాదానికి మొదటి పేతురు 3వ అధ్యాయం చెప్పిన దారి ఉంది. మాటలు లేకుండా నడవడితో గెలుచుకోవడం.

పదిహేనేళ్ళవాడు "నేను రాను" అంటున్నాడు

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇదే. భయంలో అన్న మాటే ఎక్కువ చెడుపు చేస్తుంది. 'రాను' వెనక ఏముందో ముందు తెలుసుకోవాలి. అలసట కావచ్చు. స్నేహితుల ముందు సిగ్గు కావచ్చు. పూజలో భక్తిగా ఉండే పెద్దలు ఇంటికొచ్చి మాట్లాడే తీరు చూసి కలిగిన రోత కావచ్చు. దేవాలయంలో ఎవరి వల్లనో తగిలిన గాయం కావచ్చు, ఆ మాట చెబితే ఒక్క పొల్లు కొట్టిపారేయకుండా వినండి. నిజమైన సందేహమూ కావచ్చు.

సందేహమైతే 'అలా అడగకూడదు' అనవద్దు. దేవదూత ఎదుట మరియమాతే 'ఇది ఎట్లు జరుగును?' అని అడిగింది. పన్నెండేళ్ళ యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలు వేస్తూ దొరికాడు. ఆయన చెప్పిన జవాబు తల్లిదండ్రులకు అర్థం కాలేదని లూకా దాపరికం లేకుండా రాశాడు. జవాబు తెలియకపోతే తెలియదనండి, వాడితో కలిసి వెతకండి. తల్లిదండ్రులతో చెప్పలేనిది జ్ఞాన తల్లిదండ్రులతో (జ్ఞానస్నానం నాడు బిడ్డకు తోడు నిలిచినవారితో) చెప్పవచ్చు. పైన చెప్పిన 774వ సూత్రమే వారి మీదా బాధ్యత పెట్టింది. పండుగకు కానుక ఇచ్చి సరిపెట్టుకోవడానికి వారిని ఎంచుకోలేదు.

ఆదివారం పూజను ఇంటిల్లిపాది కలిసి చేసే పనిగా నిలుపుకోవాలనే నా అభిప్రాయం. రోజువారీ ప్రార్థనకు మాత్రం ఆ వయసులో ఈడ్చుకురావద్దు. వాడి చోటు ఖాళీగా ఉంచండి, పేరు పెట్టి ప్రార్థించండి, వచ్చిన రోజున 'ఇన్నాళ్ళకు దారి తెలిసిందా' అని దెప్పకండి.

పెద్దయి దూరమైన కొడుకు కూతుళ్ళ విషయంలో పునీత అగస్టీను తల్లి, పునీత మోనికమ్మను తలచుకోండి. అగస్టీను తప్పుబోధలో చిక్కుకున్నప్పుడు ఆమె అతణ్ణి ఇంట్లోకి రానివ్వలేదు. తరవాత మనసు మార్చుకుని ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చోబెట్టుకుంది. కొడుకుతో వాదించమని ఒక పీఠాధిపతిని ఏడుస్తూ వేడుకుంటే ఆయన ఒప్పుకోలేదు. అతణ్ణి వదిలేసి ప్రార్థించమన్నారు. ఏళ్ళు గడిచాక 387లో, పాస్కా పండుగకు, మిలాన్‌లో అగస్టీను జ్ఞానస్నానం పొందాడు. ఆ సంవత్సరమే ఆమె కన్నుమూసింది. ఈ కథలో ఇప్పటి తల్లిదండ్రులకు పనికొచ్చేవి రెండు: భోజనానికి పిలవడం మానకపోవడం, ప్రార్థించడం మానకపోవడం.

ఇంట్లో సరిదిద్దలేనివి

తాగుడు, కొట్టడం, ఎడతెగని దిగులు, చనిపోవాలన్న మాటలు. వీటికి ఇంకొక జపమాల చెప్పుకుని ఊరుకోవడం మందు కాదు. కొట్టే మనిషి నుంచి ముందు భార్యాపిల్లలు భద్రమైన చోటికి చేరాలి. సహనం పేరుతో దెబ్బలు తినమని శ్రీసభ చెప్పదు. దిగులుకు వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. విచారణ గురువుతో (మీ దేవాలయ గురువుతో) మాట్లాడండి, నమ్మకమైన బంధువుకు చెప్పండి, అవసరమైతే పోలీసులను పిలవండి. ప్రార్థన వీటన్నిటితోపాటు సాగుతుంది.