శేషాలతో పెద్ద సంఖ్యలు – 5వ పాఠం: 2⁶⁷ − 1 ను తరచి చూడటం

ఒక సంఖ్యను పూర్తిగా రాయకుండానే, దాన్ని మరో సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషాన్ని ఎలా కనుక్కోవాలో గత పాఠంలో చూశాం. ఈసారి అదే పద్ధతిని 21 అంకెలున్న ఒక సంయుక్త సంఖ్య మీద ప్రయోగిద్దాం.

2⁶⁷ − 1 = 147573952589676412927

1644లో ఫ్రెంచి పండితుడు మెర్సెన్ ఇచ్చిన జాబితాను బట్టి ఇది ప్రధాన సంఖ్య. కాదని 1876లో ఫ్రెంచి గణితవేత్త ల్యూకా నిరూపించారు. అయితే ఆయన పద్ధతిలో ఒక్క కారణాంకమైనా బయటపడలేదు. 1903లో అమెరికా గణితవేత్త కోల్ ఆ కారణాంకాలను చూపించారు.

193707721 × 761838257287

సంయుక్తమని తేల్చడం ఒక పని, విడగొట్టడం వేరే పని అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

ముందుగా ఈ గుణకారాన్ని 9తో సరిచూడండి. కారణాంకాల అంకెల మొత్తాలు 37, 64. రెండింటికీ శేషం 1. లబ్ధం అంకెల మొత్తం 109. దానికీ శేషం 1. ఇది తప్పును పట్టిస్తుందే గాని, ఒప్పును రుజువు చేయదు.

అసలు ప్రశ్న ఏమిటంటే, కారణాంకాల కోసం ఎక్కడ వెతకాలి? ఈ సంఖ్య వర్గమూలం సుమారు 1,214 కోట్లు. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడటం చేత్తో అయ్యే పని కాదు. అదృష్టవశాత్తూ వాటిలో చాలా వాటిని తాకనవసరం లేదు. 'ప' అనే ప్రధాన సంఖ్య మన సంఖ్యను భాగిస్తుందనుకుందాం. అప్పుడు 2⁶⁷ను ప తో భాగిస్తే శేషం 1. శేషం 1 వచ్చే 2 యొక్క కనిష్ఠ ఘాతం 67ను భాగించాలి. 67 ప్రధాన సంఖ్య, ఆ ఘాతం 1 కాలేదు కనుక అది 67 మాత్రమే అవుతుంది. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం (ప − 1)వ ఘాతానికి కూడా శేషం 1 వస్తుంది కాబట్టి, ప − 1 ను 67 భాగించాలి. ప బేసి సంఖ్య కనుక 2 కూడా భాగించాలి. అంటే ప ఎప్పుడూ 134క + 1 రూపంలోనే ఉంటుంది (క ఒక పూర్ణ సంఖ్య).

దీనికి తోడు మరో నియమం ఉంది: 2⁶⁸కి శేషం 2 వస్తుంది, 2⁶⁸ అంటే 2³⁴ యొక్క వర్గమే. అంటే ప దృష్ట్యా 2 ఒక వర్గం; అలాంటి ప ను 8తో భాగిస్తే శేషం 1 గాని 7 గాని రావాలి. అందువల్ల క విలువను 4తో భాగిస్తే శేషం 0 లేదా 1 అయినవే మిగులుతాయి. 135, 537 ప్రధాన సంఖ్యలు కావని చూడగానే తెలుస్తుంది; 671 = 11 × 61, 1073 = 29 × 37, 1207 = 17 × 71. కనుక మనం పరీక్షించాల్సిన మొట్టమొదటి ప్రధాన సంఖ్య 1609. దానికంటే చిన్నవన్నీ లెక్క వేయకుండానే తొలగిపోయాయి!

ఇప్పుడు 1609తో భాగిద్దాం. వర్గాలు చేస్తూ పోతే చాలు. శేషం పెద్దదైనప్పుడు 1609 తీసివేసి రుణ సంఖ్యగా రాసుకుంటే లెక్క తేలికవుతుంది.

2¹⁶ = 65536, శేషం 1176, అంటే −433.
2³²: 433 × 433 = 187489, శేషం 845.
2⁶⁴: 845 × 845 = 714025, శేషం 1238, అంటే −371.
2⁶⁷: 8 × (−371) = −2968, శేషం 250.

1 రాలేదు కాబట్టి 1609 కారణాంకం కాదు. కోల్ చూపించిన చిన్న కారణాంకం ఇదే వరుసలో క = 1445580 దగ్గర ఉంది; పెద్దది కూడా ఈ రూపంలోనే ఉందో లేదో మీరే భాగించి చూడండి.

అభ్యాసం: పై రెండు నియమాలనూ పాటిస్తూ 1609 తర్వాత వచ్చే ప్రధాన సంఖ్యను కనుక్కుని, దానితో 2⁶⁷ను భాగించండి. శేషం 197 వస్తే మీ లెక్క సరైనదే. వచ్చే పాఠంలో ల్యూకా పద్ధతిని మొదలుపెడదాం.