రోటరీకి ఇన్‌టేక్ మానిఫోల్డ్ చేస్తున్నారా? ముందు వేడి సంగతి చూడండి

2025 మార్చిలో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్ ఎయిర్‌పోర్ట్‌లో కోజీ మార్క్ 4 అనే, సొంతంగా కట్టుకునే రకం చిన్న విమానం ఒకటి ల్యాండింగ్‌కి వస్తూ పవర్ కోల్పోయి, రన్‌వేకి ముందే పడింది. పైలట్ చిన్న గాయాలతో బయటపడ్డాడు. ఇంజన్‌కు గాలి అందించే ప్లాస్టిక్ ఎల్బో (వంపు గొట్టం) మెత్తబడి లోపలికి ముడుచుకుపోయింది. ఎయిర్‌షోలో కొన్న త్రీడీ ప్రింట్ ముక్క అది. 105 డిగ్రీల దాకా ఆగే రకమనుకుని బిగించారు. దర్యాప్తులో పరీక్షిస్తే 53, 54 డిగ్రీలకే మెత్తబడే సరుకని తేలింది.

ఏ ఇంజన్‌కైనా ఇది ప్రమాదమే, విమానంలో మాజ్డా 13బి రోటరీ (పిస్టన్ల బదులు రోటర్లు తిరిగే కారు ఇంజన్) వాడేవాళ్లకు ఇంకా ఎక్కువ. దీంట్లో గాలి లోపలికెళ్లే ఇన్‌టేక్, పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. 900 డిగ్రీలు దాటే పొగ గొట్టానికి కాస్త పైనే మీ మానిఫోల్డ్, అంటే ఇంజన్‌లోకి గాలి పంచే గొట్టాల సెట్టు. ఎగిరేటప్పుడు గాలి ఆడుతుంది కాబట్టి కొంత నయం. ఇంజన్ ఆపాక కౌలింగ్ (ఇంజన్ మీది మూత) కింద వేడంతా పైకెక్కి అక్కడే ఉండిపోతుంది. పెట్రోల్ కొట్టించుకుని వెంటనే బయల్దేరితే ఆ వేడి మీదే టేకాఫ్.

రన్నర్ (మానిఫోల్డ్‌లో ఒక్కో గొట్టం) పొడవు గురించి గంటలు గంటలు వాదిస్తారు. లెక్క తప్పితే కొంచెం హార్స్‌పవర్ పోతుంది, పోనివ్వండి. మెటీరియల్ మాత్రం అమ్మినవాడి మాట మీద వాడొద్దు. మానిఫోల్డ్‌కు టెంపరేచర్ స్టిక్కర్లు (ఎంత వేడెక్కిందో రంగు మారి చూపేవి) అంటించి, ఇంజన్ ఆపాక అరగంటకు చూడండి. వచ్చిన అంకెకు 30 డిగ్రీలు కలపండి. మానిఫోల్డ్ ప్రింట్ చేసే అదే ఫిలమెంట్‌తో (త్రీడీ ప్రింటర్‌లో వేసే ప్లాస్టిక్ తీగ), అదే ప్రింటర్ మీద ఒక పట్టీ తీసి, మధ్యలో బరువు కట్టి, ఆ వేడికి రెండు గంటలు ఓవెన్‌లో వేలాడదీయండి. వంట ఓవెన్ వద్దు. కాస్త వంగినా పారేయండి.

అల్యూమినియం అయితే నిశ్చింత అనుకోకండి. 6061-టీ6 అనే గట్టి రకం అల్యూమినియం కూడా వెల్డింగ్ పక్కన మెత్తబడుతుంది. థ్రాటిల్ (గాలిని తగ్గించే, పెంచే తలుపు) మూసినప్పుడు ప్లీనంలో (గొట్టాలకు ముందు గాలి నిలిచే డబ్బా) ఒత్తిడి బయటి గాలిలో మూడో వంతుకు పడిపోవచ్చు. అప్పుడు పొడవు, వెడల్పు పదేసి సెంటీమీటర్లున్న గోడ మీద దాదాపు 70 కిలోల భారం. చదును గోడ ప్రతిసారీ లోపలికి ఊగి, చివరికి వెల్డ్ దగ్గర చీలుతుంది. గుండ్రంగా చేయండి, లేదా లోపల పక్కటెముకలు పెట్టండి.

ఇక మిగతావి.

లోపల ఇసుక బ్లాస్టింగ్ చేయొద్దు. ఎంత కడిగినా ఒక రేణువు మిగులుతుంది, అపెక్స్ సీల్ (రోటర్ మూలన ఉండే సీల్) పోతుంది.

ప్లీనం లోపల నట్లు, స్క్రూలు పెట్టొద్దు. థ్రాటిల్ లోపల తిరిగే బటర్‌ఫ్లై రేకు స్క్రూల చివరలు కొట్టి లాక్ చేయండి.

హోస్ బిగించే గొట్టానికి అంచున బీడ్ (హోస్ జారకుండా ఆపే ఉబ్బెత్తు) ఉండాల్సిందే.

ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టం) ఎగ్జాస్ట్ మీద వద్దు. తప్పకపోతే మధ్యలో స్టీల్ షీల్డ్.

మానిఫోల్డ్ బరువు హోస్‌ల మీద వేయొద్దు.

ఎల్బో ప్లాస్టిక్‌దైతే లోపల అల్యూమినియం గొట్టం ముక్క దూర్చండి.

ప్యాకెట్ మీద ఏం రాసున్నా వేడి చేసి చూడండి. స్నేహితుడు ప్రింట్ చేసిచ్చినా వేడి చేసి చూడండి. ఫిలమెంట్ రోల్ మారితే మళ్లీ మొదటి నుంచి.