ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్ వేగం తగ్గించే ముందు

బ్యాటరీ ఎక్కువసేపు రావాలని గ్రాఫిక్స్ చిప్ క్లాక్ (అది పనిచేసే వేగం) తగ్గించబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

- ల్యాప్‌టాప్‌లో ఎన్ని గ్రాఫిక్స్ చిప్‌లున్నాయి? విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో చూడండి. ఇంటెల్ లేదా ఏఎండీ చిప్‌తో పాటు ఎన్‌విడియాది కూడా ఉంటే, బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఆ ఎన్‌విడియా చిప్ అసలు నిద్రపోవాలి. మేలుకుని ఉన్న చిప్‌ను నెమ్మది చేయడం కంటే నిద్రపుచ్చడంలోనే లాభం ఎక్కువ. బయటి మానిటర్ తీసేయండి. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా ఆ ఎన్‌విడియా చిప్‌కే కలిసి ఉంటుంది, మానిటర్ తగిలించి ఉంటే అది నిద్రపోదు. ఉష్ణోగ్రత చూపించే టూల్స్ కూడా దాన్ని లేపుతూనే ఉంటాయి, విచిత్రంగా!

- విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ (బ్యాటరీ ఎంత అరిగిందో చూపేది) తీసి పెట్టుకోండి. సెల్స్ అరిగిపోయి ఉంటే క్లాక్‌తో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

- చేస్తున్న పనులన్నీ సేవ్ చేయండి.

- క్లాక్ మార్చడానికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వాడితే, కంప్యూటర్ ఆన్ కాగానే సెట్టింగ్ అమలయ్యే ఆప్షన్‌ను మొదట్లో ఆపి ఉంచండి. స్క్రీన్ మిణుకుమన్నా, హ్యాంగ్ అయినా రీస్టార్ట్‌తో మామూలైపోతుంది. కొన్ని మోడళ్లలో క్లాక్ మార్చే స్లైడర్ కదలదు, తయారీదారు లాక్ చేసి ఉంటాడు. దాన్ని దాటడానికి వీడియో బయాస్ (గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చే జోలికి మాత్రం వెళ్లొద్దు. తేడా వస్తే బోర్డు రిపేరుకే వెళ్లాలి.

- కోర్ క్లాక్‌ను 50 మెగాహెర్ట్జ్ చొప్పున దించండి, మెమరీ క్లాక్‌ను ముట్టుకోకండి. వోల్టేజ్ తగ్గకుండా క్లాక్ ఒక్కటే తగ్గితే ఆదా స్వల్పమే.