మొదటి కరపత్రం పారేయొద్దు

ఎన్నికలొస్తే విజయవాడలో ప్రెస్సులకు నిద్ర ఉండదు. గవర్నర్‌పేటలో మాదొక చిన్న ప్రెస్సు. మెషిన్ మా ఆయన చూసుకుంటారు, కంపోజింగూ ప్రూఫులూ నావి. ఏ పార్టీ వాళ్లొచ్చినా వేస్తాం, ఎవరేం వేయించుకున్నారో బయట చెప్పం. అయితే ప్రూఫులు దిద్దేవాళ్లకి ఒక అలవాటు వదలదు. నిన్నటి కాగితంలో లేని మాట ఇవాళ కనిపిస్తే కన్ను అక్కడే ఆగిపోతుంది. నాయకుడు మైకులో మాట మారిస్తే టీవీల వాళ్లు రాత్రంతా అరుస్తారు. కాగితంలో మారితే ఎవరూ అరవరు. దాన్ని ఎలా పట్టుకోవాలో మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు అడిగితే చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ముందు కావాల్సింది పాత కాగితం. షెడ్యూల్ వచ్చాక వెతుకుదాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం. 2024 సంగతే చూడండి. షెడ్యూల్ మార్చి 16న వచ్చింది, పోలింగ్ మే 13న. వైసీపీ మేనిఫెస్టో ఏప్రిల్ 27న, తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమిది ఏప్రిల్ 30న విడుదలయ్యాయి. పూర్తి కాగితం జనం చేతికొచ్చేసరికి మిగిలింది రెండు వారాలే. కానీ తెలుగుదేశం తన ముఖ్యమైన హామీలను అంతకు ఏడాది ముందే, 2023 మేలో రాజమండ్రి మహానాడులో ప్రకటించింది. మీరు పోల్చాల్సింది మహానాడు కాగితాన్నీ, ఏప్రిల్ 30న ఉండవల్లిలో విడుదల చేసిన కూటమి కాగితాన్నీ. ఒక్కదాన్ని చదివితే ఏమీ తెలియదు.

గేటుకి గుచ్చి వెళ్లిన కరపత్రం మీద పెన్నుతో తేదీ, పేట పేరు రాసి ఫైల్లో పెట్టండి. వెబ్‌సైట్‌లో ఉన్నదైతే పీడీఎఫ్ దింపుకోండి, ఆ పేజీని వేబ్యాక్ మెషిన్‌లో (వెబ్‌పేజీల పాత ప్రతులు దాచే సైటు) కూడా భద్రం చేయండి. ఎందుకంటే రేపు అదే లింకు నొక్కితే ఇంకో కాగితం రావచ్చు. వాట్సాప్‌లో తిరిగే ఫొటోని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. అది ఎప్పటిదో, మధ్యలో ఎవరు కత్తిరించారో చెప్పలేం.

తర్వాత కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో ఉండే లైను చూడండి. జనం చూడరు గానీ మాకు అదే ముఖ్యం. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టరు ఏదైనా సరే, ప్రచురించినవాళ్ల పేరు, అడ్రసు, ప్రింటర్ పేరు, అడ్రసు ఉండి తీరాలి. ప్రచురించేవాళ్ల సంతకంతో డిక్లరేషన్ తీసుకోవాలి, వాళ్లను ఎరిగిన ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి. అచ్చయ్యాక దాంతోపాటు ఒక ప్రతి కలెక్టరుకి వెళ్లాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల జరిమానా, లేదా రెండూ. ఆ రెండు వేలు ఏ కాలం నాటి లెక్కో గానీ, జైలు మాట చదివితే మాత్రం ఇప్పటికీ టెన్షనే.

మీకు దీంతో పనేంటంటే, ప్రచురించింది అభ్యర్థో పార్టీయో అయితే అది వాళ్ల మాట. 'అభిమానులు' అని ఉన్నా, అసలు పేరే లేకపోయినా దాన్ని నాయకుడి మెడకు చుట్టొద్దు. పక్కన పెట్టేయండి.

ఇప్పుడు అసలు పని. మాకు ఒకసారి ఇలా జరిగింది. ఒక అభ్యర్థి తాలూకు కుర్రాడు రెండో విడత ఆర్డరుకి వచ్చి, "అక్కా, మ్యాటర్ అంతా పాతదే, ఒక్క మాట చేర్చాలి" అన్నాడు. 'ప్రతి కుటుంబానికి' అన్నచోట 'అర్హత గల ప్రతి కుటుంబానికి' అని కావాలిట. "మళ్లీ ప్లేటు ఖర్చవుతుంది తమ్ముడూ" అన్నా. "పర్లేదక్కా, పైనుంచి చెప్పారు" అన్నాడు. రంగులు అవే, ఫొటో అదే, హెడ్డింగూ అదే. మొదటిది చదివినవాళ్లు రెండోది ఎందుకు చదువుతారు?

అందుకే మొత్తం చదువుతూ కూర్చోకుండా ఒక నోటుబుక్కులో గడులు గీసుకోండి. ఎవరికి, ఎంత, ఎప్పటి నుంచి, డబ్బు ఎక్కడి నుంచి. మారేదేదైనా దాదాపు వీటిలోనే మారుతుంది.

'ఎవరికి' అన్నదానికి 2014 రుణమాఫీ చాలు. ప్రచారంలో జనం విన్నది వ్యవసాయ రుణాలన్నీ పోతాయని. అమలుకొచ్చేసరికి కుటుంబానికి లక్షన్నర పరిమితి వచ్చింది. 'ఎంత', 'ఎప్పుడు' అన్నవి ఎప్పుడూ జంటగా చూడాలి. 2024 వైసీపీ మేనిఫెస్టోలో పింఛను 3,500 అని పెద్దక్షరాల్లో ఉంది. కింద చదివితే 2028 జనవరిలో 250, 2029 జనవరిలో ఇంకో 250. అది దాచింది కాదు, రాసే ఉంది. మన కళ్లే పెద్దక్షరాల దగ్గర ఆగుతాయి. అదే పార్టీ 2019లో మద్యనిషేధం దశలవారీగా తెచ్చి, చివరికి ఫైవ్‌స్టార్ హోటళ్లకే పరిమితం చేస్తామంది. 2024లో ఓట్లడిగేనాటికి ప్రభుత్వ మద్యం షాపులు నడుస్తూనే ఉన్నాయి. ప్రభుత్వోద్యోగుల పింఛను పథకం సీపీఎస్‌ని వారంలో రద్దు చేస్తామన్నారు, చివరికి అది జీపీఎస్ అనే ఇంకో పింఛను పథకం అయింది.

డబ్బు గడి గురించి ఎక్కువ కష్టపడకండి. 2013 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత హామీలకు డబ్బు ఎలా తెస్తారో స్థూలంగా చెప్పాలని ఎన్నికల సంఘం నియమావళిలో చేర్చింది. అయినా ఆ గడి సాధారణంగా ఖాళీగానే మిగులుతుంది.

ఇవన్నీ ఉన్న మాట మారడం. అసలు మాటే మాయమైతే పట్టుకోవడం ఇంకా కష్టం. దానికి అంశాల వారీగా ఒక్కో పేజీ పెట్టి, పైనుంచి కిందకి తేదీలు రాయాలి. ప్రత్యేక హోదా పేజీ ఇలా ఉంటుంది. 2014 ఫిబ్రవరిలో రాజ్యసభలో మన్మోహన్ సింగ్ అయిదేళ్లంటే బీజేపీ తరఫున వెంకయ్యనాయుడు పదేళ్లు కావాలన్నారు. 2016 సెప్టెంబరులో బీజేపీ ప్రభుత్వమే ప్యాకేజీ ఇస్తే, హోదా సంజీవని కాదంటూ వచ్చిన చంద్రబాబు సరేనన్నారు. 2018 మార్చిలో అదే హోదా కోసం తెలుగుదేశం ఎన్డీయే వదిలింది. 2024లో మళ్లీ అదే కూటమిలో ఓట్లడిగింది. రాజధాని పేజీ మన ఊళ్లవాళ్లకి నోటికొచ్చు. 2014 సెప్టెంబరులో ప్రతిపక్ష నేతగా జగన్ అసెంబ్లీలో రాజధానిగా విజయవాడ ప్రాంతాన్ని స్వాగతించారు. 2019 ప్రచారంలో తాడేపల్లిలో జగన్ ఇల్లు కట్టుకున్నది చూడండి, రాజధాని ఎక్కడికి పోతుందని ఆ పార్టీవాళ్లు అడిగేవారు. అదే ఏడాది డిసెంబరు 17న అసెంబ్లీలో ముఖ్యమంత్రిగా జగన్ నోటే మూడు రాజధానుల మాట వచ్చింది. ఇలా రాసుకున్నాక మధ్యలో ఎక్కడ మాట్లాడటం మానేశారో ఆ ఖాళీ మీకే కనబడుతుంది.

ఊరు కూడా రాయండి. 2024 మార్చిలో జగన్ విశాఖలో మాట్లాడుతూ గెలిచాక ప్రమాణస్వీకారం అక్కడే అన్నారు. అలాంటిది వినగానే ఆ నాయకుడే గుంటూరు సభలో ఏమన్నాడో వెతకాలి. జిల్లా ఎడిషన్లు వేరు కాబట్టి బెజవాడ పేపర్లో వచ్చింది గుంటూరులో రాకపోవచ్చు. రెండూ ఒకేచోట కావాలంటే గ్రంథాలయమే దిక్కు. వీడియో అయితే ముప్ఫై సెకన్ల ముక్క కాకుండా మొత్తం సభ చూసి, ఎన్నో నిమిషంలో అన్నాడో నోట్ చేసుకోండి.

కూటముల దగ్గర కొంచెం జాగ్రత్త. ముస్లిం రిజర్వేషన్లకు వ్యతిరేకంగా బీజేపీ పెద్దలు ప్రచారం చేస్తుండగానే ఇక్కడ నాలుగు శాతం ఉంటుందని చంద్రబాబు చెప్పారు. ఎవరూ మాట మార్చలేదు, ఇద్దరి మాటలూ వేరు, అంతే. ఉండవల్లిలో మేనిఫెస్టో విడుదల చేసినప్పుడు బీజేపీ తరఫున వచ్చినాయన ఆ పుస్తకం చేత్తో పట్టుకోలేదు. అప్పుడు హామీ ఎవరిదని రాస్తారు? పట్టుకున్నవాళ్లదని రాయండి.

మార్పు కనబడ్డ ప్రతిసారీ మోసం అనేయొద్దు. కోర్టు తీర్పు రావచ్చు, పొత్తు కుదరొచ్చు. "అప్పుడు అలా అన్నాం, ఇందుకని మార్చాం" అని బయటికి చెప్పినవాళ్ల పక్కన ఒక టిక్కు పెట్టండి. ఈ పరీక్ష మీ సొంత పార్టీతోనే మొదలెట్టండి. ఎదుటివాళ్ల కాగితాల్లో తప్పులు మనకు చదవకుండానే దొరుకుతాయి.

అభ్యర్థి మీ వీధికొచ్చినప్పుడు రెండు కాగితాలూ చేత్తో పట్టుకుని వెళ్లండి. "ఎందుకు మార్చారు" అంటే గొడవ అవుతుంది, వెనకాలున్న కుర్రాళ్లు మీదికొస్తారు. "అన్నా, మార్చిలో ఇచ్చినదాంట్లో ఇలా ఉంది, ఇందులో ఇలా ఉంది, దేన్ని లెక్కలోకి తీసుకోమంటారు?" అని అడగండి. జవాబు ఏదైనా తేదీతో సహా అదే పేజీలో రాసేయండి. "మా మేనేజర్‌తో మాట్లాడమ్మా" అన్నా సరే, అదీ జవాబే.

పోలింగ్ అయిపోగానే ఫైలు కట్టేయొద్దు, నిలబెట్టుకున్నవీ అందులో ఎక్కాలి. 2024 జులై 1న పింఛను నాలుగు వేలతో పాటు ఏప్రిల్ నుంచి బకాయి కలిపి ఏడు వేలు చేతికిచ్చారు, కాగితంలో ఉన్నట్టే. ఆ రోజు మా అత్తగారి పేరు కింద ఆ గడి నేనే నింపాను. మిగతా గడులు మున్సిపల్ ఎన్నికలు వచ్చేదాకా తెరిచే ఉంచండి, గుమ్మంలోకి వచ్చేది ఈ మనుషులే.