ఏడు సీట్ల బండి కొన్నాక వచ్చే తలనొప్పులు, వాటికి విరుగుడు

మాది శ్రీకాకుళం. అమ్మ, నాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, పోయినేడు మూడోది పుట్టింది, దాంతో లెక్క ఏడుకొచ్చింది. పాత చిన్న కారు అమ్మేసి మూడు వరసల ఎస్‌యూవీ తీసుకున్నాం. ఏ బండో చెప్పను, ఎందుకంటే కింద రాసిన బాధల్లో ముప్పావు వంతు బండివి కావు, అందులో ఎవరు ఎక్కడ కూర్చున్నాం అన్నదానివి. కొనబోయేవాళ్ళు ముందే చదివితే ఓ రెండు గొడవలైనా తప్పుతాయి.

సమస్య: బండి గేట్లోంచి దూరట్లేదు

నవ్వకండి. డెలివరీ రోజు అరసవిల్లిలో పూజ చేయించి, దండ వేసుకుని, వీధంతా చూస్తుండగా ఇంటి ముందుకొచ్చి ఆగాం, గేటు చూస్తే ఆరడుగులు. ఆరడుగులంటే 1829 మిల్లీమీటర్లు. ఎక్స్‌యూవీ700 వెడల్పు 1890, స్కార్పియో-ఎన్ 1917, అదీ సైడు అద్దాలు లెక్కలో వేయకుండా. కారెన్స్ 1800, ఎర్టిగా 1735. అంటే ఆరడుగుల గేటులోకి కొన్ని బళ్ళు అసలు రావు, కొన్ని అద్దాలు మడిచి ఊపిరి బిగబట్టి రావాలి.

కారణం సింపుల్, పొడవు అందరం అడుగుతాం, వెడల్పు ఎవడూ అడగడు. పైగా సందులోంచి తిప్పి గేట్లోకి ఎక్కించాలంటే గేటు వెడల్పొకటే సరిపోదు, ఎదురుగా కరెంటు స్తంభం ఉందా, కాలవ మీద పలక ఎంత బలంగా ఉంది అన్నీ చూసుకోవాలి. బుక్ చేసే ముందు టెస్ట్ డ్రైవ్ షోరూం చుట్టూ కొట్టడం కాదు, ఆ బండిని మీ ఇంటిదాకా తెమ్మనండి, అడిగితే తెస్తారు. మేం అడగలేదు, ఓ పక్క గేటు స్తంభం కొట్టించి ఏడడుగులు చేయించేదాకా నెల రోజులు కొత్త బండి వీధిలోనే దుమ్ము కొట్టుకుంది.

సమస్య: చైల్డ్ సీటు పెట్టాక వెనక వరసకి దారి లేదు

ఇది అసలు సమస్య, మిగతావన్నీ దీని తర్వాతే. ఐసోఫిక్స్ కొక్కేలు, అంటే చైల్డ్ సీటుని బండికి బిగించేవి, మామూలుగా రెండో వరసలో కిటికీల పక్క సీట్లకే ఉంటాయి. మూడో వరసలోకి వెళ్ళాలంటే మడవాల్సిందీ ఆ రెండో వరస సీటునే. చాలా బళ్ళలో సులువుగా మడతపడేది ఎడమ పక్కది, మేం సరిగ్గా అక్కడే చిన్నదాని సీటు బిగించాం. ఇంక వెనక్కెలా వెళ్తారు? పెద్దాడు డిక్కీ తలుపు తీసి సీటు మీంచి దూకడం మొదలెట్టాడు, రెండోది వాడి వెనకే. అమ్మ చూసి "ఏటిరా బాబూ, కారెక్కడానిక్కూడా కొండెక్కినట్టు ఎక్కాలేటి" అంది.

చైల్డ్ సీటుని డ్రైవర్ వెనక, అంటే కుడి పక్కకి మార్చేసరికి సగం గొడవ పోయింది. ఎడమ సీటు మడిచి పెద్దపిల్లలు రోడ్డు అంచు వైపు నుంచే ఎక్కుతారు, ట్రాఫిక్ వైపు దిగక్కర్లేదు. రెండో వరస 60:40గా విడిపోయే బండైతే ఏ ముక్క ఎటు ఉందో షోరూంలోనే మడిచి చూసుకోండి, వీలైతే మీ చైల్డ్ సీటు పట్టుకెళ్ళి బిగించి చూడండి.

కెప్టెన్ సీట్లు పెట్టించుకుంటే మధ్యలోంచి నడిచి వెళ్ళిపోవచ్చు, నిజమే. కానీ అప్పుడది చాలావాటిలో ఆరు సీట్ల బండి. షోరూం కుర్రాడు "సార్ అదే ప్రీమియం" అంటుంటే నేను తలూపేశాను కూడా, పక్కన అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టి "మరి నానెక్కడ కూకుంతాను" అనేసరికి బెంచి సీటుకి మార్చాం.

చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుంటే సరిపోతుంది కదా అనకండి. బ్రేకు గట్టిగా పడితే చేతులు ఆపలేవు. చట్టం ప్రకారం కూడా 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే 1000 రూపాయలు ఫైను.

నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ఆయన ముందు సీటు. పెద్దవాళ్ళని మూడో వరసకి పంపే ఆలోచన ఉంటే ముందు మీరెక్కి ఓ ఇరవై నిమిషాలు కూర్చోండి. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే మీకే అర్థమవుతుంది.

సమస్య: వెనక కూర్చున్నవాళ్ళకి వాంతులు

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కుతున్నాం, నాలుగో మలుపుకి రెండోది "నాన్నా కవరు" అంది, ఐదో మలుపుకి కవరు అవసరం లేకుండా పోయింది. మూడో వరస వెనక చక్రాల మీదే, ఒక్కోదాంట్లో ఇంకా వెనక ఉంటుంది, ముందు కూర్చున్నవాళ్ళకి తెలియని ఊపు వాళ్ళకి తెలుస్తుంది. పైగా అక్కణ్ణించి రోడ్డు కనపడదు, కిటికీ చిన్నది, బ్యాలెన్సు చూసే లోపలి చెవి ఊగుతోందంటుంది, కన్ను లేదంటుంది, చేతిలో ఫోనుంటే ఇంక చెప్పక్కర్లేదు.

ఘాటు మొదలవ్వకముందే వాంతులొచ్చే పిల్లని రెండో వరస మధ్యలోకి మార్చండి, రోడ్డు కనపడాలి. ఫోను లాక్కోండి, పొట్టనిండా ఇడ్లీలు తినిపించి ఎక్కించకండి, మలుపుల్లో మీరు కూడా కాస్త నెమ్మదించండి. మందు కావాలంటే పిల్లల డాక్టర్నే అడగండి.

సమస్య: వెనక ఏసీ తగలట్లేదు

చాలాసార్లు వెనక బ్లోయర్ స్విచ్చి వేరే ఉంటుంది, అది ఎవరూ ఆన్ చెయ్యరు, అంతే. కొన్నిటికి మూడో వరసకి అసలు వెంట్లే ఉండవు, స్కార్పియో-ఎన్ అలాంటిదే, కొనేముందు వెనకెక్కి చూసుకోవాలి. ఎండలో ఆగిన బండైతే ముందు అద్దాలు దించి రెండు నిమిషాలు నడిపి వేడిగాలి పోయాక రీసర్క్యులేషన్, అంటే లోపలి గాలినే తిప్పే బటన్, వెయ్యండి.

సమస్య: సామాను పట్టట్లేదు, వెనక బరువుకి కుంగుతోంది

ఏడుగురూ కూర్చుంటే డిక్కీ అనేది పేరుకే. ఎర్టిగాకి 209 లీటర్లు, అంటే ఓ సూట్‌కేసు, ఓ చేతి సంచి. సోంపేటలో మా అత్తగారింటికి వెళ్తే ఉత్త చేతుల్తో పంపరు, ఓసారి ఇరవై కొబ్బరికాయలు, ఓ పనసకాయ పెట్టారు. కొబ్బరికాయల్ని సీట్ల కింద సర్దాం, టెక్కలి దాటాక ఓ బ్రేకుకి ఒకటి దొర్లుకుంటూ ముందుకొచ్చి నా కాలి దగ్గర ఆగింది. అది బ్రేకు పెడలు కిందకి వెళ్ళుంటే? అప్పట్నించి దొర్లే సామాను ఏదైనా గోనెసంచిలో మూతి కట్టి డిక్కీలోనే. ఆరుగురే ఉంటే మూడో వరసలో ఒక సగం మడిచేస్తాం.

స్పీడ్ బ్రేకర్‌కి కింద తగలడం, ఎదుటివాళ్ళు మీకు లైటు కొట్టడం, ఈ రెండూ ఒకే జబ్బు. వెనక కుంగితే ముందు పైకి లేచి లైటు ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. డ్రైవర్ తలుపు తీస్తే అది ఆనుకునే బండి స్తంభం మీద స్టిక్కరుంటుంది, అందులో ఫుల్ లోడుకి టైర్ గాలి ఎంతో వేరేగా రాసుంటుంది, ప్రయాణానికి ముందు అంత కొట్టించండి, వచ్చాక తగ్గించండి. లైట్లు కిందకి దించే చిన్న చక్రం స్టీరింగ్ దగ్గర ఉందేమో చూడండి, మా బండిలో ఉందని ఆర్నెల్లు నాకు తెలీదు.

సమస్య: డీజిల్ బండిలో డీపీఎఫ్ లైటు

బీఎస్6 అనే కాలుష్య నిబంధన కింద వచ్చిన డీజిల్ బళ్ళకి పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరుంటుంది, డీపీఎఫ్ అంటే అదే, అది బాగా వేడెక్కితేనే మసి కాలుతుంది. బండిని స్కూలుకి, డే అండ్ నైట్ జంక్షన్‌కి, మళ్ళీ ఇంటికి తప్ప ఎటూ తీసుకెళ్ళకపోతే అది వేడెక్కదు, నిండిపోతుంది. లైటు వెలిగిన మొదటిరోజే హైవే ఎక్కి మడపాం టోల్ దాటి నరసన్నపేట దాకా మధ్యలో ఇంజను ఆపకుండా ఒకే స్పీడులో వెళ్ళి రండి, మామూలుగా ఆరిపోతుంది. లైటు మిణుకుమిణుకుమంటున్నా, బండి లాగకపోయినా సర్వీసుకే. మీ తిరుగుడంతా ఊళ్ళోనే అయితే పెట్రోలు తీసుకోండి, మైలేజీ తగ్గినా ఈ పోరు ఉండదు.

ఇంక కాగితాల సంగతి. పాత కారు ఫాస్టాగ్ కొత్తదానికి అతికించకండి, అది ఆ నంబరుకే కట్టి ఉంటుంది, క్లోజ్ చేయించి కొత్తది తీసుకోండి, టోలు మాత్రం కారు రేటే. పాత బండి అమ్మేటప్పుడు నో క్లెయిం బోనస్ (క్లెయిం చెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు) లెటర్ ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర తీసుకుంటే కొత్త పాలసీలో సొంత డ్యామేజీ ప్రీమియం మీద 50 శాతం దాకా తగ్గుతుంది. మేం ఆ లెటర్ తీసుకుని బీరువాలో దాచి, కొత్త పాలసీ కట్టేరోజు ఇల్లంతా వెతికాం.