మారుమూల సముద్రపు పల్లెకు వెళ్లాలంటే ఎలా సిద్ధం కావాలి?

హోటళ్లు, లైఫ్‌గార్డులు, పడవ షికార్లు ఏవీ లేని చిన్న సముద్రపు పల్లెలు ఇంకా ఉన్నాయి. అలాంటి ఊళ్లో ఒడ్డంటే ఊరివాళ్లకు పనిచోటు, ఇంటి వాకిలి రెండూ. మనం వెళ్లేది ఒకరి వాకిట్లోకి కాబట్టి, వాళ్లకు భారం కాకుండా వెళ్లడం నేర్చుకోవాలి.

ముందు తేదీ చూసుకోండి

తుఫాన్ల కాలంలో, వానలు ముమ్మరంగా పడే నెలల్లో వెళ్లకండి. దారి తెగితే రోజుల తరబడి ఇరుక్కుపోతారు, మీ తిండీ నీళ్లూ ఊరివాళ్లే చూడాల్సి వస్తుంది.

ఆటుపోట్ల సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. చాలా తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే రేపటి పోటు ఇవాళ్టి కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా పైకి వస్తుంది, అంతే దూరం వెనక్కి పోతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ. ఇలాంటి ఊళ్లకు దారి ఒక్కోసారి ఇసుక మీదుగా, చిన్న పాయ దాటి ఉంటుంది. పొద్దున పాదాలు తడిసేంత నీళ్లున్న పాయ సాయంత్రానికి నడుము లోతు కావచ్చు. వెళ్లే టైమ్‌తో పాటు తిరిగొచ్చే టైమ్ కూడా ముందే లెక్క వేసుకోండి.

కబురు పెట్టి వెళ్లండి

ఎవరికీ చెప్పకుండా వెళ్లి గుడారం వేయడం మర్యాద కాదు. ఊళ్లో ఒకరితోనైనా ముందు మాట్లాడి, ఎక్కడ ఉండొచ్చో, ఎక్కడికి వెళ్లకూడదో అడగండి. ఇంటి దగ్గర కూడా ఎప్పుడు తిరిగొస్తారో ఒకరికి చెప్పి ఉంచండి. సిగ్నల్ ఉండకపోవచ్చు కాబట్టి మ్యాప్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. చిల్లర నోట్లు, టార్చి, రోజూ వాడే మందులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గాయాలకు కట్టు సామాను సర్దుకోండి.

నీళ్లను పొదుపుగా వాడండి

తాగే నీళ్లు మీరే తీసుకెళ్లండి. సముద్రం పక్కన బావిలో మంచినీళ్లు దొరకడానికి కారణం ఉంది. వాన నీరు ఉప్పునీటి కంటే తేలిక కనుక, భూమిలో ఉప్పునీటి పైన ఒక పొరలా తేలి ఉంటుంది. ఆ మంచినీటి మట్టం ఒక మీటరు తగ్గితే, కింది ఉప్పునీరు దాదాపు 40 మీటర్లు పైకి రాగలదని శాస్త్రం లెక్క కట్టింది. ఒక్కసారి ఉప్పెక్కిన బావి త్వరగా బాగుపడదు. నలుగురు అతిథులు మోటారు వేసి గంటల తరబడి స్నానాలు చేస్తే, ఆ నష్టం మనం వెళ్లిపోయాక ఊరు మోస్తుంది. ఒక్క బకెట్‌తో స్నానం ముగించండి.

సముద్రంలో దిగే ముందు అడగండి

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. కాపాడేవాళ్లు లేని తీరంలో అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటు చూసి, ఇక్కడ బాగుంది అని దిగుతారు. చాలాసార్లు అదే రిప్ కరెంట్. ఒడ్డుకు చేరిన నీరంతా సన్నని దారిలో లోపలికి తిరిగి పరుగెత్తే చోటు అది. మిమ్మల్ని కిందికి ముంచదు, దూరంగా లాక్కుపోతుంది. దానికి ఎదురీదితే అలసిపోతారు. తేలుతూ నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగండి. చెయ్యెత్తి సాయం కోసం అరవండి. నది కలిసే మొగ దగ్గర అసలు దిగకండి. ఉరుము వినిపిస్తే వెంటనే బయటికి రండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. ఒడ్డున చచ్చి పడున్న జెల్లీఫిష్‌ను కూడా ముట్టుకోవద్దు, అది అప్పుడూ కుడుతుంది.

భూమి గట్టిగా, చాలాసేపు కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, చూస్తూ నిలబడకుండా ఎత్తైన చోటుకు పరుగెత్తండి. ఇండోనేషియాలోని సిమెలువే దీవిలో 1907 నాటి సునామీ జ్ఞాపకాన్ని పెద్దలు తరతరాలుగా పిల్లలకు చెబుతూ వచ్చారు. 2004 డిసెంబరు 26న భూమి కదలగానే వాళ్లు కొండ ఎక్కారు, దాదాపు అందరూ బతికారు. అందుకే ఊరి పెద్దల మాట వినాలి.

ఒడ్డున ఎలా ఉండాలి

మొదటిసారి ఇలాంటి ఊరికి వెళ్లినప్పుడు నేను ఇసుక మీద పరిచిన వల మీదుగా నడిచేశాను. ఒక పెద్దాయన ఏమీ అనకుండా వచ్చి, వలలో తెగిన కన్ను చూసి, కూర్చుని మళ్లీ అల్లుకున్నారు. ఆయన పని నా వల్ల ఆగిపోయిందన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. వలలు, పడవలు, తాళ్లు దాటకుండా చుట్టూ తిరిగి వెళ్లండి. ఫొటో తీసే ముందు మనిషిని అడగండి.

సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమైతే రాత్రి మంటలు, లైట్లు వద్దు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుగున్న వైపుకే పాకుతాయి, మీ లైటు వాటిని దారి తప్పిస్తుంది. పగడపు దిబ్బలున్న చోట సన్‌స్క్రీన్ కంటే పొడవు చేతుల చొక్కా మేలు. పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని హవాయి రాష్ట్రం 2021 నుంచి నిషేధించింది.

తెచ్చిన ప్రతి కవరూ, సీసా, బ్యాటరీ మీతోనే వెనక్కి తీసుకెళ్లండి. అక్కడ చెత్త బండి రాదు. ఫొటోలు పంచుకున్నా ఊరి పేరు, మ్యాప్ గుర్తు పెట్టకండి. ఖాళీ గవ్వలు, శంఖాలు ఏరుకురావద్దు. వాటిలో కాపురం ఉండే పీతలు ఒళ్లు పెరిగేకొద్దీ ఇంకాస్త పెద్ద శంఖం కోసం ఆ ఇసుకలోనే వెతుక్కుంటాయి.