నెల్లూరు చూడాలంటే వానలు పడ్డాక రండి

మా నెల్లూరుకు వచ్చేవాళ్లలో చాలామంది చేపల పులుసు తిని, మలై కాజా కట్టించుకుని తిరుపతి బండెక్కేస్తారు. మీరు మాత్రం రెండు రోజులు పెట్టుకుని రండి. ఎండాకాలం వద్దు. మాకు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. చెరువులు నిండేదీ, పక్షులు దిగేదీ అప్పుడే. తుపాన్ల భయం తగ్గాక, డిసెంబరు చివర నుంచి జనవరి దాకా మేలు.

మొదటి రోజు ఊళ్లోనే గడపండి. పొద్దున్నే రంగనాయకులపేటలో తల్పగిరి రంగనాథుణ్ణి చూసుకుని, పెన్న ఒడ్డున కాసేపు కూర్చోండి. తర్వాత ఆనకట్టకు వెళ్లండి. ఇంగ్లీషువాళ్లు దాన్ని 1855లో కట్టారు. ఎగువన సంగం దగ్గరి ఆనకట్ట 1886 నాటికి పూర్తయింది. రెండు చోట్లా 2022లో కొత్త బ్యారేజీలు వచ్చాయి. దొరల కాలం అనగానే బంగళాలు వెతుకుతారు గానీ, నన్నడిగితే ముందు చూడాల్సింది ఈ ఆనకట్టలే. మొలగొలుకుల వరి పండిన పొలాలకు నీళ్లు మళ్లించింది అవే కదా. చరిత్ర మీద ఇంకా ఇష్టముంటే సముద్రం ఒడ్డున దుగరాజపట్నం ఉంది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం సంపాదించడానికి ముందు ఆ కంపెనీ వర్తక స్థావరం ఒకటి అక్కడ ఉండేది. సాయంత్రం స్వర్ణాల చెరువు గట్టుకు రండి. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగే చెరువు అదే. ఆ రోజుల్లో వస్తే మాత్రం గది ముందే మాట్లాడుకోండి.

రెండో రోజు తెల్లవారకముందే బయల్దేరండి. చెన్నై హైవే మీద దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రానికి దారి చీలుతుంది. అక్కడి చెరువులో, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు కడతాయి. వాచ్ టవర్ ఎక్కి గంటసేపైనా కదలకుండా ఉండండి. పిల్ల తన ముక్కును తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపలు తింటుంది, అది చూడకుండా దిగొద్దు. ఆ చేపల్లో చాలావరకు పులికాట్ సరస్సు నుంచి తెచ్చినవే. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని ఊరివాళ్లు ఈ పక్షులను కాపాడుకుంటూ వచ్చారు. వాళ్లు ఇన్నేళ్లు కాపాడినదాన్ని మనం ఈలలు వేసి, స్పీకర్లు పెట్టి చెదరగొట్టొద్దు. తల్లి బెదిరి లేచిపోతే గూట్లోని గుడ్లు కాకుల పాలవుతాయి. బైనాక్యులర్స్ తెచ్చుకోండి, తెల్లటి, ఎర్రటి బట్టలు వద్దు.

అక్కడి నుంచి సూళ్లూరుపేట మీదుగా శ్రీహరికోట రోడ్డెక్కితే రెండు పక్కలా పులికాట్ సరస్సే. ఫ్లెమింగోలు లోతు తక్కువ ఉన్నచోటే మేస్తాయి, కాబట్టి నీళ్లు పలచబడ్డ వైపు వెతకండి. బండిని పూర్తిగా పక్కకు ఆపండి, హారన్ కొట్టొద్దు, నీళ్లలోకి దిగొద్దు. చీకటి పడేలోపు సూళ్లూరుపేటకు తిరిగొస్తే చెన్నై వైపు లోకల్ రైళ్లు, నెల్లూరు వైపు బస్సులు ఉంటాయి.